ముసలి కుక్కకూ ఓ వాకిలి

హనుమకొండ, కాజీపేట రోడ్ల మీద అప్పుడప్పుడు ఒక రకం కుక్కలు కనిపిస్తుంటాయి. వీధిలో పుట్టినవి కావని చూడగానే తెలిసిపోతుంది. మెడ చుట్టూ బెల్టు ఒరిసి బొచ్చు ఊడిన గీత, నెరిసిన మూతి. బండి హారన్ కొడితే పక్కకు జరగడం రాదు. స్కూటీ ఏదైనా స్లో అయితే చాలు, లేచి కుంటుకుంటూ దాని దగ్గరికి పోతుంది. నడిపేవాళ్ల ముఖం చూసి, వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే పడుకుంటుంది. ల్యాబ్రడారో, పామేరియనో, ఎవరో ఒకప్పుడు వేలు పోసి కొన్నదే. కాళ్లు పట్టేశాయనో, కళ్లకు పొర వచ్చిందనో, ఇంట్లోనే మూత్రం పోస్తోందనో ఒక రాత్రి బండెక్కించి తెచ్చి ఇక్కడ దింపి పోయారు.

అలా వదిలేయడం నేరం. ఆకలితో, దాహంతో అలమటించే పరిస్థితుల్లో జంతువును వదిలేసిన యజమానికి 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఎంతనుకుంటున్నారు? మొదటిసారి దొరికితే 10 నుంచి 50 రూపాయల జరిమానా. చాయ్, మిర్చీకి అయ్యే ఖర్చు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. మార్చాల్సింది పార్లమెంటు కాబట్టి ఆ సంగతి అక్కడికి వదిలేసి, మన ఊళ్లో మన చేతిలో ఉన్నదేమిటో చూద్దాం.

ఇలా రోడ్డున పడ్డవాటిలో కొన్నిటిని జంతుప్రేమికులు తీసుకెళ్లి షెల్టర్లలో పెడతారు. అక్కడికి దత్తతకు వచ్చేవాళ్లు ముందు అడిగేది ‘పిల్లలున్నాయా?’ అనే. ప్రభుత్వ సంస్థలదీ అదే చూపు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ పెట్టిన దత్తత మేళా కూడా దేశవాళీ కుక్కపిల్లలదే. ఆ ప్రయత్నం మంచిదే, కాదనం. కానీ వరంగల్ లాంటి ఊళ్లో చాలా ఇళ్లకు కూన కంటే ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కే నప్పుతుందని మా అభిప్రాయం. దయాదాక్షిణ్యాల సంగతి పక్కన పెట్టి, ఉత్త లెక్క వేసుకున్నా తేలేది ఇదే.

సింగరేణిలో రిటైరై గోదావరిఖని నుంచో మంచిర్యాల నుంచో వచ్చి హనుమకొండలో స్థిరపడిన దంపతులను తీసుకోండి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. ఇల్లు బోసిపోయిందని ఒక కూనను తెచ్చుకుంటారు. అది చెప్పులు కొరుకుతుంది, రాత్రి రెండుసార్లు లేపుతుంది, గొలుసు పట్టుకుంటే మనిషినే ఈడ్చుకుపోతుంది. కూనల ప్రాణం తీసే పార్వో అనే వైరస్ జబ్బు రాకుండా టీకాల కోసం డాక్టరు చుట్టూ తిరగాలి. ఇదంతా ఎలాగో దాటేసినా కుక్క పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. అరవై అయిదేళ్ల మనిషికి ఎనభై వచ్చేనాటికి ఆ కుక్కను చూసేదెవరు? రోడ్డున పడుతున్న ముసలి కుక్కల్లో కొన్ని ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చేవే. అదే ఇంటికి ఎనిమిదేళ్ల కుక్క వచ్చిందనుకోండి. దాని ఆకారం, గుణం ముందే తేలిపోయి ఉంటాయి. పిల్లల్ని దగ్గరికి రానిస్తుందా, పిల్లిని చూస్తే వెంటపడుతుందా, ఒంటరిగా వదిలితే అరుస్తుందా అన్నది షెల్టర్‌లో దానికి అన్నం పెట్టే మనిషిని అడిగితే చెప్తాడు. ఇంట్లో పెరిగినదైతే బయటికి పోయి మూత్రం పోయడం చాలావాటికి తెలుసు. పొద్దున అరగంట నడక అయితే దానికి చాలు, పెద్దాయనకూ చాలు.

ముసలి కుక్క కొత్త మనుషులకు అలవాటు పడదన్న మాట తరచూ వింటుంటాం. అలవాటు పడుతుంది, కాకపోతే టైమ్ తీసుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులు మంచం కిందే ఉంటుంది, అన్నం ముట్టకపోవచ్చు. మూడు వారాలకు ఇంటి వేళలు పట్టుబడతాయి. మూడు నెలలకు తన ఇల్లే అనుకుంటుంది. దానికి కావలసినవీ పెద్ద ఖర్చు వ్యవహారాలు కావు. టైల్స్ మీద కాళ్లు జారకుండా గోనె సంచో పాత బొంతో పరవాలి. కీళ్ల నొప్పితో మెడ వంచలేకపోతే గిన్నెను రెండు ఇటుకల మీద పెట్టాలి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, అన్నం పెట్టొచ్చు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పడవు. ఆదివారం మటన్ వండి బొక్కలు వేయడం మనకు ముద్దుగా ఉంటుంది కానీ, ఉడికిన బొక్క విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. రామగుండంలో, వరంగల్‌లో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కుక్క మనలా చెమట పట్టి చల్లబడదు, రొప్పుతూ వేడిని బయటికి పంపాలి. ఆ నెలల్లో నడక ఆరుకు ముందే అయిపోవాలి.

మందుల ఖర్చు దాచి దత్తత ఇవ్వడం మోసం. కీళ్లు, పళ్లు, కిడ్నీలు ఇబ్బంది పెట్టే వయసు అది. గోమార్ల వల్ల వచ్చే జ్వరం ఉందేమో రక్తపరీక్షలో చూసుకోవాలి. నొప్పితో మూలుగుతోందని మన బీరువాలోని ఐబుప్రోఫెన్ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ‘రెండేళ్లలో పోయేదానికి ఇంత ఎందుకు?’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అందులో అన్యాయమేమీ లేదు. ఆ బాధ పడలేమనుకున్నవాళ్లు తీసుకోకపోవడమే మేలు. తీసుకొచ్చి మళ్లీ వదిలేయడం కంటే అది నయం.

కుక్క పేరెత్తితేనే భయపడే ఇళ్లు మన ఊళ్లో ఉన్నాయని మాకు తెలుసు. 2023 మే నెలలో కాజీపేటలో వీధికుక్కలు కరిచి ఒక చిన్నారి ప్రాణం పోయింది. దాన్ని మరిచి కుక్కల మీద ప్రేమ గురించి రాయడం ఈ పత్రికకు చేతకాదు. వీధికుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు ఆగకుండా జరగాల్సిందే, ముసలి కుక్కల దత్తత దానికి ప్రత్యామ్నాయం కాదు. వీధికుక్కల విషయంలో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో ఒక మాట మాత్రం ఇక్కడ పనికొస్తుంది. కావాలనుకున్నవాళ్లు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసి కుక్కను దత్తత తీసుకోవచ్చు, ఆ కుక్కకు ట్యాగ్ వేసి ఇస్తారు. అది మళ్లీ రోడ్డు మీదికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే. ఈ ట్యాగ్ పద్ధతిని కొని తెచ్చుకున్న పెంపుడు కుక్కలకూ పెడితే, రాత్రికి రాత్రి దింపి పోయినవాళ్లెవరో పట్టుకోవచ్చు.

గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, కోరుట్లలో ఇంకొకటి ఉంది. దత్తతకు వెళ్లే ప్రతి పెద్ద వయసు కుక్కకూ అక్కడ ఒకసారి రక్తపరీక్ష, పళ్ల పరీక్ష చేయించి కాగితం చేతికిస్తే తీసుకునేవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది. విద్యార్థులకూ చేతినిండా పని దొరుకుతుంది. నెల రోజులు ఇంట్లో పెట్టుకుని చూసి, కుదరకపోతే తిరిగి అప్పగించే వెసులుబాటు ఉండాలి. అద్దె ఇళ్ల ఓనర్లు కూడా కుక్క అనగానే గేటు వేసేయకుండా, రోజుకు పదహారు గంటలు నిద్రపోయే ముసలిదాని విషయంలోనైనా ఒకసారి ఆలోచించాలి.

నగరపాలక సంస్థ దత్తత మేళా పెడితే ముందు వరుసలో ఏడేళ్లు దాటినవాటిని ఉంచి, పక్కనే వాటి ఆరోగ్య పత్రాలు పెట్టాలి. కూనల కోసం వచ్చేవాళ్లు ఎలాగూ వెనక వరుస దాకా నడుస్తారు.