రేటింగ్ లేని ఇళ్ల సంగతేంటి?

పర్యావరణహిత భవనాలకు ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ఇచ్చే గ్రీన్ రేటింగ్ చూసి ఇల్లు అద్దెకు తీసుకోమని మీ వ్యాసంలో రాశారు. బాగానే ఉంది కానీ, హైదరాబాద్‌లో మాలాంటివాళ్లకు దొరికే పాత నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లకు రేటింగ్ ఎక్కడిది?

అలాంటి ఇంటిని మనమే పరీక్షించుకోవాలి. ముందు గోడలు చూడండి. కొత్తగా రంగేసిన గోడైతే మరీ అనుమానించాలి. బాత్రూమ్‌కు ఆనుకున్న గోడ అడుగున చేత్తో నొక్కితే పెచ్చు ఊడినా, కప్‌బోర్డ్ తెరవగానే ముక్కిన వాసన కొట్టినా చెమ్మ ఉన్నట్టే. ఆయాసం ఉన్న పిల్లలుంటే ఆ ఇల్లు వద్దు.

ఎండ వేడి తెలియాలంటే పై అంతస్తులో పడమటి గదిని సాయంత్రం నాలుగింటికి చూడాలి. ఓనర్లేమో పొద్దున్నే రమ్మంటారు! ఏసీ ఖర్చు తెలియాలంటే మే నెల కరెంటు బిల్లు అడగండి.

బోరు నీళ్లయితే, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. తాగునీటిలో ఇవి లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. వేరే దారి లేకపోతేనే 2000 దాకా.