‘ఎరుపు ముందుకు, నీలం వెనక్కి’: లోతు గురించి చెలామణిలో ఉన్న మూడు పొరపాట్లు

ఏది ముందో ఏది వెనకో మారుతూ కనిపించే జ్యామితీయ అమూర్త చిత్రాల గురించి పదే పదే పంచుకునే మాట ఇది: “లోతు రావాలంటే గీతలు దూరాన ఒక బిందువులో కలవాలి. వెచ్చని రంగు ముందుకొస్తుంది, చల్లనిది వెనక్కిపోతుంది. బొమ్మ అటూ ఇటూ మారుతోందంటే కళ్లు అలిసినట్టే.”

గీతలు కలవాలా? స్విస్ శాస్త్రవేత్త నెకర్ 1832లో వర్ణించిన స్ఫటికపు బొమ్మ నుంచి వచ్చిన ‘నెకర్ ఘనం’లో (అంచు గీతలతోనే గీసిన క్యూబ్‌లో) సమాంతర గీతలు ఎక్కడా కలవవు. దగ్గరి ముఖం, దూరపు ముఖం ఒకే కొలతలో ఉంటాయి కాబట్టే ఏది ముందో తేలదు. గీతల్ని ఒక బిందువు వైపు లాగితే పెద్ద ముఖం ముందుకొచ్చేసి సందిగ్ధత సన్నగిల్లుతుంది.

గీసి చూడండి. 10 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీసి, అదే కొలతను అంచు మీద ఆరుసార్లు గుర్తుపెట్టి షడ్భుజి కట్టండి. కేంద్రం నుంచి ఒకటి విడిచి ఒకటిగా మూడు శీర్షాలకు గీతలు గీయండి. మూడు రాంబస్‌లు (నాలుగు భుజాలూ సమానమైన ఆకారాలు) వస్తాయి. కేంద్రం పొడుచుకొచ్చిన మూలా, లోపలికి పోయిన మూలా? రెండూ కుదురుతాయి. మిగతా మూడు శీర్షాలకూ గీశారో, లోతు పోయి ఆరు త్రిభుజాల చదును బొమ్మ మిగులుతుంది. మనస్తత్వ పరిశోధకురాలు కోప్ఫర్‌మాన్ 1930లోనే చూపిన సంగతి ఇది. గీతలు పెరిగితే లోతు పెరుగుతుందనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

రంగులు నింపేటప్పుడు ఎక్కువమంది అన్నిటికంటే లేత ఛాయను పై రాంబస్‌కి పెడతారు. వెలుగు పైనుంచి పడుతుందని చూపు ముందే అనుకుంటుంది గనుక, పైనుంచి చూసిన పెట్టెగా బొమ్మ స్థిరపడిపోతుంది. కాగితాన్ని 90 డిగ్రీలు తిప్పితే ఆ మొగ్గు తగ్గుతుంది.

ఇక వెచ్చన, చల్లన. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976 దాకా వేసిన చతురస్రాల వరుసలో అమరిక కొద్ది రకాలే: ఒకదానిలో ఒకటిగా మూడో నాలుగో చతురస్రాలు, అంచులు కింద 1, పక్కల 2, పైన 3 పాళ్లు. రంగులు మారగానే లోపలి చతురస్రం ఒకచోట ముందుకు ఉబుకుతుంది, ఇంకోచోట గుంటలా దిగుతుంది. ఇక్కడ నేపథ్యంతో ఉన్న వెలుగు తేడా బలమైనది: నల్లని నేల మీద ముందుకొచ్చే పసుపు, తెల్లని నేల మీద వెనక్కి తగ్గి ముదురు నీలానికి చోటిస్తుంది. రెండు ఆకారాలు ఒకదానిపై ఒకటి పడే భాగానికి ఆ రెండు రంగులకు సరిగ్గా నడిమి రంగు వేస్తే ఏది పైనుందో తేలదు. ఏ రంగు వైపు మొగ్గితే ఆ ఆకారమే పైకి లేస్తుంది. అక్రిలిక్ రంగు ఎండాక కాస్త ముదురుతుంది, కాబట్టి నడిమి రంగును ఎండిన నమూనా మీదే సరిచూడాలి. తడి మీద సరిపోయిందనిపించింది మర్నాటికి ఒకవైపు ఒరిగి ఉంటుంది.

కళ్ల అలసట మాటలో కొంత నిజముంది: ఒకే రూపాన్ని చూస్తూ ఉంటే మెదడులో దాని పట్టు సడలుతుంది. అయితే అదొక్కటే కారణమైతే ప్రతి బొమ్మా తిరగబడాలి. ఒక ఆకారపు అంచు మరో అంచుకు అడ్డుపడి దాన్ని మధ్యలో ఆపేసే బొమ్మను ఎంతసేపు చూసినా ముందువెనుకలు మారవు. రంగు అంచు దాటకుండా అంటించే మాస్కింగ్ టేప్ 1 మి.మీ. జరిగి అలాంటి అంచు పొరపాటున ఏర్పడినా చాలు, ఆ మూల దగ్గర సందిగ్ధత దెబ్బతింటుంది.