కోడలి సేవకి ఖరీదు కడితే తప్పేంటండీ?

మంచాన పడ్డ పెద్దవాళ్ళ సేవకి కూడా బీమా ఉండాలనే మాట వస్తే, "కొడుకులుండగా సేవకి ఇన్సూరెన్స్ ఏంటి, మనమేమన్నా ఫారిన్‌వాళ్ళమా" అని మా బంధువుల గ్రూపులో ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టారు. కింద వరసగా దండాలు, చప్పట్లు. పెట్టినవాళ్ళంతా మగాళ్ళే, కావాలంటే వెళ్ళి చూసుకోండి.

కొడుకులున్నారు, కాదనను. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో, మా ఆయన రొయ్యల చెరువు గట్టు మీద. ఒంటికీ రెంటికీ చూసేది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టేది, ముక్కులో పైపు గుండా జావ పోసేది మాత్రం ఊళ్ళో మిగిలిపోయిన కోడలు, అంటే నేను.

మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఆసుపత్రి ఖర్చు కార్డు మీద గట్టెక్కింది, అందులో అబద్ధం లేదు. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ వైద్యం ఉంది. కానీ అది వార్డులో ఉన్నంతవరకు, ఆ పైన కొద్దిరోజుల మందుల వరకు. డిశ్చార్జి చేస్తూ డాక్టరుగారు "ఇక సేవేనమ్మా" అన్నారు చూడండి, ఆ సేవకి ఏ కార్డూ లేదు. ప్రైవేటు పాలసీ ఉందిగా అంటారా, తీసి మినహాయింపుల పేజీ చదవండి. ఎక్స్‌క్లూజన్ కోడ్ 05 అని ఉంటుంది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, నడిపించడం లాంటి సాయానికి, ఇంట్లోనైనా నర్సింగ్ హోమ్‌లోనైనా, నర్సు చేసినా ఆయా చేసినా, పైసా ఇవ్వమని ఉంటుంది. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన వాక్యం అది, దాదాపు ఏ కంపెనీ కాయితంలో చూసినా అదే. అమ్మేటప్పుడు ఏజెంటు ఈ పేజీ తిప్పడు.

ఇక ఫారిన్‌వాళ్ళ సంగతి. జర్మనీలో 1995 నుంచి సేవకి తప్పనిసరి బీమా ఉంది. ఇంట్లోవాళ్ళే చూసుకుంటే నెలనెలా డబ్బిస్తారు, వారానికి తగినన్ని గంటలు చేసే మనిషి పేరున పెన్షన్ చందా కూడా ఆ బీమాయే కడుతుంది. జపాన్‌లో 2000లో మొదలైంది, 40 ఏళ్ళు రాగానే చందా మొదలు. వాళ్ళకేమన్నా అమ్మల మీద ప్రేమ లేక పెట్టుకున్నారా? అంత దూరం ఎందుకు, కేరళలో మంచాన పడ్డవాళ్ళని చూసుకునే మనిషికి ఆశ్వాసకిరణం అని నెలకి 600 రూపాయలిచ్చే పథకం ఉంది. 600 దేనికొస్తాయి, డైపర్లకే చాలవు. అయినా ఆ పని చేసే మనిషంటూ ఒకరున్నారని ఒక ప్రభుత్వం కాయితం మీద ఒప్పుకుంది, మన దగ్గర అది కూడా లేదు.

మా వైపు, అంటే రాజోలు, మలికిపురం వైపు, కువైట్ డబ్బుతో లేచిన డాబాలు ఎన్నో. ఆ ఇళ్ళ ఆడవాళ్ళలో చాలామంది అక్కడ చేసేది ఇదే పని, ఎవరి ముసలి తల్లికో నీళ్ళు పోయడం, మందులెయ్యడం, కాళ్ళు పట్టడం. అక్కడి కష్టాలు తక్కువని అనడం లేదు, పాస్‌పోర్టు లాక్కుని ఏడిపించిన ఇళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కానీ దానికి జీతం అనే మాట ఉంది, ఎప్పటికో ఒకప్పటికి సెలవు ఉంది. అదే మనిషి అదే పని ఇక్కడ అత్తగారికి చేస్తే దాని పేరు పుణ్యం. మా ఎదురింటావిడ సెలవు మీద వచ్చి, నా వాలకం చూసి "నీకంటే నేనే నయమే" అంది. లెక్క ప్రకారం ఆవిడ అన్నది కరెక్టే.

మనోళ్ళకి లెక్కలు రావా అంటే, అమ్మో! పంపకాలప్పుడు గట్టు దగ్గర జానెడు నేల కోసం సర్వేయర్ని పిలిచి కొలిపిస్తాం, దింపు తీసే కొబ్బరి చెట్లు ఎవరి వాటాకి ఎన్నో రాసుకుంటాం. అమ్మ మంచాన పడితే ఎవరింట్లో ఉంటుంది, ఆయాని పెడితే జీతం ఎవరిస్తారు, చూసుకునే కోడలికి ఎంత, ఆవిడ పుట్టింటికెళ్తే ఎవరొస్తారు అని అడిగితే మాత్రం అశుభం అంటారు. పెద్దవాళ్ళూ, మీకే చెప్తున్నా. 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలో సెక్షన్ 23 ఉంది. పిల్లలకి ఆస్తి రాసిచ్చే దాన సెటిల్‌మెంట్ దస్తావేజులో "నన్ను చూసుకోవాలి" అనే షరతు రాయించండి. తప్పితే ట్రిబ్యునల్ దాన్ని చెల్లదని చెప్పగలదు. షరతు లేకుండా రాసిచ్చేశాక ఏడిస్తే మీ పని కష్టం.

పింఛను సంగతి కూడా చాలామందికి తెలియదు. మంచానికే పరిమితమైన పక్షవాతం వాళ్ళకి మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకి 15,000 ఉంది. వృద్ధాప్య పింఛను 4,000 తీసుకుంటూ ఊరుకున్నవాళ్ళు సచివాలయంలో అడగండి. మాగాణి మూడెకరాలు దాటితే అదీ లేదనుకోండి. ఆ మూడెకరాల కౌలుతో నెలనెలా ఆయాని పోషించమంటే ఎలాగో చెప్పేవాడు లేడు.

బ్యాంకు ఖాతా సంతకం పెట్టగలిగినప్పుడే జాయింటు చేయించండి. చెయ్యి పడిపోయాక బ్యాంకులో డబ్బు తియ్యడం కుదరదంటే, వేలిముద్ర గానీ కాలి వేలిముద్ర గానీ ఇద్దరు సాక్షులతో, అందులో ఒకరు బ్యాంకు మనిషిగా, చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, అడగండి. యాభైల్లో ఉన్నవాళ్ళు ఒంట్లో బాగున్నప్పుడే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ చూడండి, అందులో రాసిన పెద్ద జబ్బు వస్తే డబ్బు మొత్తం ఒకేసారి చేతికిస్తారు, ఆయాకిస్తారో గాలిపరుపు కొంటారో మీ ఇష్టం. పక్షవాతం క్లెయిముకి మాత్రం లోపం మూడు నెలలు దాటినా తగ్గలేదని రుజువు అడుగుతారు, ఆ రిపోర్టులు పారెయ్యకండి.

నేను అత్తగారిని చూసుకోనని ఎక్కడా అనలేదు, కామెంట్లలో ఆ మాట మొదలెట్టకండి. ఆవిడ నాకు పురుళ్ళు పోసిన మనిషి. నేను అడిగేది రెండే: ముగ్గురు కొడుకులూ నెలనెలా నా ఖాతాలో ఇంత అని వెయ్యాలి, వేసవిలో ఒక నెల ఎవరో ఒకరు వచ్చి ఆ మంచం పక్కన పడుకోవాలి.

హైదరాబాద్ మరిదిగారూ, మీరు ఇది చదువుతారని తెలుసు. పైన వాయిస్ మెసేజ్‌కి దండం పెట్టినవాళ్ళలో మీరూ ఉన్నారు. మే నెలా, జూన్ నెలా, మీరూ డల్లాస్ ఆయనా మాట్లాడుకుని ఆదివారంలోపు చెప్పండి, నేను పుట్టింటికి టికెట్టు తీసుకోవాలి.