సొంత కథలు తేవద్దట, రాయడం మాత్రం నేర్పేస్తారట!

పొద్దున్నుంచి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో అదే పోస్టర్. మన విశాఖ బీచ్ రోడ్డు హోటల్లో 2 రోజుల స్క్రీన్‌ప్లే వర్క్‌షాప్. సినిమా, సీరియల్, వెబ్ సిరీస్ మూడూ నేర్పేస్తారు. నెట్‌వర్కింగ్ లంచ్, సర్టిఫికెట్, ముఖ్య అతిథితో ఫొటో. మామూలే కదా అని వదిలేద్దామంటే, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో లైను: "దయచేసి సొంత కథలు, స్క్రిప్టులు తీసుకురావద్దు."

ఏటండీ ఇది? వేటకి తీసుకెళ్తామని జాలారిపేట కుర్రాళ్ళని పిలిచి, వలలు ఇంట్లో పెట్టి రండి అన్నట్టుంది.

ఎందుకు వద్దన్నారో తెలుసుకోడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. ఒక్కొక్కరు 5 పేజీలు తెచ్చారనుకోండి. పైకి చదివితే 7 నిమిషాలు, దాని మీద మాట్లాడ్డానికి ఇంకో 8. మనిషికి పావుగంట. హాల్లో 80 మందిని కుక్కితే 20 గంటలు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, స్పాన్సర్ గారి "రెండు ముక్కలు" (ఈ ఊళ్ళో రెండు ముక్కలంటే 25 నిమిషాలు) పోగా మిగిలేది ఎన్ని గంటలు? అందుకని పేజీలే వద్దన్నారు. 10 మందిని తీసుకుంటే రెండున్నర గంటల్లో ఒక రౌండు ఐపోతుంది. కానీ 10 మంది ఫీజుతో ఏసీ హాలు అద్దె రాదట. ఏసీ హాలు ఎవరడిగారు బాబూ? ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సాహిత్య సభలు జరగట్లేదా? పది కుర్చీలు, ఒక బల్ల, జెరాక్స్ కాపీలు. ఇంతకంటే ఏం కావాలి?

అసలు స్క్రిప్టు చదవడం అనే పని ఎలా జరగాలో ఈ నిర్వాహకుల్లో ఎందరికి తెలుసో నాకు డౌటే. రాసినవాడు చదవకూడదు. ఇది మొదటి రూలు. రాసినవాడు చదివితే కాగితం మీద లేని ఏడుపు, వెటకారం గొంతుతో పోసేస్తాడు, సీను బావున్నట్టే ఉంటుంది. ముక్కూమొహం తెలియని వాళ్ళకి తలో పాత్ర ఇవ్వాలి, సీను వివరణ ఇంకొకరు చదవాలి. రాసినవాడు నోరు మూసుకుని పెన్సిల్ పట్టుకోవాలి. చదివేవాడు ఎక్కడ తడబడ్డాడో అక్కడ డైలాగు పొడుగైంది. ఎక్కడ ఇద్దరు పాత్రధారులు ఒకరి లైను ఒకరు చదివేసినా ఎవరికీ తేడా తెలియలేదో, అక్కడ రెండు పాత్రలు లేవు, ఒకటే ఉంది. ఎక్కడ జనం పేజీ తిప్పి ఇంకా ఎంతుందో చూసుకున్నారో, అక్కడ సీను రెండు లైన్ల కిందటే ఐపోయింది. చివర్లో "ఇది నా ఉద్దేశం కాదండీ" అని వివరించే హక్కు రాసినవాడికి లేదు. థియేటర్లో మీరు పక్క సీట్లో కూచుని వివరిస్తారా?

ఇక ఇలాంటి వర్క్‌షాపుల్లో చూపించే పవర్ పాయింట్. అమెరికా పుస్తకాల్లోంచి ఎత్తిన 30-60-30 పేజీల బొమ్మ. 120 పేజీలు, మూడు అంకాలు. బావుంది. మరి ఇంటర్వెల్ ఏదీ? మన ప్రేక్షకుడు సరిగ్గా మధ్యలో లేచి సమోసాకి వెళ్తాడు. వాణ్ణి మళ్ళీ సీట్లోకి లాక్కొచ్చే ప్రశ్న ఒకటి అక్కడ పడాలి, సెకండాఫ్ అక్కణ్ణుంచి కొత్తగా పరుగెత్తాలి. తెలుగు కథలు ఎక్కువగా చచ్చేది ఇంటర్వెల్ తర్వాతి 20 నిమిషాల్లోనే. ఆ ముక్క ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు.

నరేషన్ సంగతి అంతకంటే ఘోరం. మన దగ్గర నిర్మాత చదవడు, వింటాడు. ముందు 15 నిమిషాలు దొరికితే గొప్ప, నచ్చితేనే రెండున్నర గంటల పూర్తి నరేషన్. కొత్తవాళ్ళు ఆ 15లో 6 నిమిషాలు హీరో ఎంట్రీకే తగలేస్తారు. డ్రోన్ షాటు, బూట్లు, దుమ్ము, పైగా బీజీఎం (వెనకొచ్చే మ్యూజిక్) నోటితోనే. హీరోకి ఏం కావాలో, అడ్డం ఎవరున్నారో చెప్పేలోపు ఎదుటాయన ఫోన్లోకి వెళ్ళిపోతాడు. దీనికి మందు చిన్నది. ఒకే కథని 2 నిమిషాల్లో ఒకసారి, 15 నిమిషాల్లో ఒకసారి గడియారం పెట్టి చెప్పించాలి. తర్వాత విన్నవాడితో తిరిగి చెప్పించాలి. వాడు ఏది మర్చిపోయాడో అదే నీ బలహీనమైన సీను. దీనికి ముఖ్య అతిథి అక్కర్లేదు, శాలువా అసలే అక్కర్లేదు.

పోస్టర్ మీద "సీరియల్ రైటింగ్" అని కూడా వేశారు, నవ్వొచ్చింది. అరగంట స్లాటులో ప్రకటనలు తీసేస్తే 20, 22 నిమిషాల సరుకు, వారానికి 5 లేదా 6 ఎపిసోడ్లు. చాలాసార్లు కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మాటలు మరొకరివి. పెద్ద ఆర్టిస్టుకి డేట్ లేదని పొద్దున్న కబురొస్తే, ఆ పాత్ర లేకుండానే అదే గొడవని మధ్యాహ్నానికి నడపాలి. నేర్పితే అది నేర్పండి: హాలు, వంటగది, గుడి, ఇవే సెట్లు, నలుగురే ఆర్టిస్టులు, అత్తగారు ఊళ్ళో లేదు, 6 సీన్లు, చివర్లో మొహం మీద బొమ్మ ఆగి ఫ్రీజ్ పడాలి, గంటన్నర టైము. సగం మంది కాఫీ బ్రేక్‌లోనే జగదాంబ వైపు ఆటో ఎక్కేస్తారు. మిగిలినవాళ్ళే పనికొస్తారు.

అన్నట్టు, స్క్రిప్టుని "అను" అనే పాత తెలుగు ఫాంట్‌లో టైపు చేసి పంపే మహానుభావులకో దండం. ఆ ఫాంట్ లేని ఫోన్లో తెరిస్తే గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. ఏ ఫోన్లోనైనా కనిపించే యూనికోడ్‌లో కొట్టండి, పీడీఎఫ్ చేసి పంపండి. స్క్రిప్టు పేజీకి తెర మీద నిమిషం అనే లెక్క, కొరియర్ అనే ఇంగ్లిష్ ఫాంట్‌లో 12 పాయింట్ అక్షరాలది. వత్తులూ గుడులూ ఉన్న మన లిపికి అది కుదరదు, చదివి టైము చూసుకోవాల్సిందే.

"మీ కథకి కాపీరైట్ మేమే ఇప్పిస్తాం" అని ఇంకో ఆశ. అది ఎవరికి వాళ్ళు ఆన్‌లైన్‌లో చేసుకునే పని. సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. ముంబై స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే అక్కడా స్క్రిప్టు రిజిస్టర్ చేసుకోవచ్చు. ఐతే ఐడియాకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చేసింది. కాబట్టి లంచ్ క్యూలో ప్లేటు పట్టుకుని పక్కవాడికి కథ మొత్తం చెప్పేసే అమాయకులారా, రాశాకే చెప్పండి. కథ హక్కులు రాసిచ్చే అగ్రిమెంటులో గడువు రాయకపోతే చట్టం ప్రకారం ఆ హక్కులు 5 ఏళ్ళే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. 2012 సవరణ తర్వాత, సినిమా హాల్లో ఆడటం పక్కన పెడితే, మిగతా వాడకాల మీద రాయల్టీ హక్కుని వదులుకుంటున్నానని రాయించుకున్నా చెల్లదు. ఇది చెప్పే ఒక్క లాయర్ని పిలవరు. యాంకర్‌ని పిలుస్తారు.

కానీ అసలు మంట ఇది కాదు. ఆ పోస్టర్‌లో "హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణులచే ఉత్తరాంధ్ర యాసలో డైలాగ్ రైటింగ్" అని ఒక సెషన్ ఉంది చూశారా? కడుపు మండింది. సినిమా వాళ్ళకి విశాఖ అంటే బీచ్‌లో పాట, భీమిలి రోడ్డు మీద ఛేజు, కొండ మీద రామానాయుడు స్టూడియో. మాటలు మాత్రం వేరే ఊరు నుంచి దిగాలి. "లేదు"ని "నేదు" చేసి, చివర "ఏటి" తగిలిస్తే యాస ఐపోయిందట. అదీ ఎవరికి? వాచ్‌మన్‌కి, పనిమనిషికి, తాగుబోతుకి. హీరో ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినా గుంటూరు మీదుగా వచ్చినట్టే మాట్లాడతాడు. గాజువాక మనిషి, పలాస మనిషి, పాడేరు మనిషి ఒకేలా మాట్లాడతారా? ఇక్కడ "అప్ప" అంటే అక్క అని కూడా తెలియకుండా రాసేస్తారు.

ఇది మాటలకి కరువైన చోటా? 1892లోనే వాడుక భాషలో నాటకం ఆడించిన గురజాడ విజయనగరంలో ఉన్నారు. రావిశాస్త్రి ఈ ఊరి కోర్టుల్లోనే ప్లీడరీ చేస్తూ ఆ మనుషుల మాటల్ని కథల్లోకి తెచ్చారు. గణేష్ పాత్రో ఉత్తరాంధ్ర నుంచే నాటకాలు రాసుకుంటూ సినిమాకి వెళ్ళారు. మనకి యాస నేర్పడానికి ఫ్లైట్ టిక్కెట్టు పెట్టి మనిషిని తెప్పిస్తున్నారు, మన ఫీజుతోనే.

యాస కావాలా? పూర్ణా మార్కెట్లో గంట కూచోండి. విన్నది విన్నట్టు 2 పేజీలు రాయండి. తర్వాత నేదులూ ఏటిలూ తీసేసి, మామూలు స్పెల్లింగులో మళ్ళీ చదవండి. అప్పుడు కూడా మాట్లాడేది ఎక్కడి మనిషో తెలుస్తుంటే యాస పట్టుబడినట్టు, లేకపోతే స్పెల్లింగులే పట్టుబడ్డాయి. యాస వాక్యం నడకలో ఉంటుంది మరి.

ఇప్పుడే వాళ్ళ రిజిస్ట్రేషన్ ఫారం కూడా గ్రూపులో పడింది. టీ షర్టు సైజు అడిగారు. వెజ్జా నాన్‌వెజ్జా అడిగారు. ఇన్‌స్టా ఐడీ అడిగారు. ఇప్పటిదాకా ఏం రాశారని ఒక్క గడి లేదు. చివర్లో మాత్రం "ఫుల్ సైజు ఫొటో ఒకటి, సైడ్ ప్రొఫైల్ ఒకటి తప్పనిసరి" అని ఎర్రటి అక్షరాల్లో ఉంది.