అమ్మమ్మ పాటల్లో అణకువ ఒక్కటే లేదు
అమ్మమ్మలు మనవరాళ్లకు పాటల్లో నేర్పిందంతా ఓర్పూ అణకువే అని ఒకరు రాశారు. ఆ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. అప్పగింతల పాటల వరకూ నిజమే, అత్తవారింట్లో ఎలా మసలుకోవాలో వరసపెట్టి చెబుతాయి. మరి ఊర్మిళాదేవి నిద్ర పాట సంగతేమిటి? మా అమ్మమ్మ మధ్యాహ్నం పూట చేటలో బియ్యం ఏరుతూ అది పాడేది. పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడు వచ్చి పక్కన కూర్చుంటే నిద్రమత్తులో ఊర్మిళ గుర్తుపట్టదు. ఎవడో పరాయివాడు గదిలో జొరబడ్డాడనుకుని, పరస్త్రీని కోరిన ఇంద్రుడికి ఏం జరిగిందో, రావణుడు ఏమైపోయాడో చెప్పి హెచ్చరిస్తుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి అమ్మమ్మ చెయ్యి చేటలో ఆగిపోయేది. గొంతు పెంచి, నా కళ్లలోకి చూస్తూ పాడేది. నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఎందుకలా చూస్తుందో తెలియలేదు. ఇంటర్లో ఉండగా కిక్కిరిసిన బస్సులో ఒకడు మీదమీదకి వస్తే బస్సంతా వినేలా అరిచాను చూడండి, అప్పుడు తెలిసింది. వాల్మీకి ఊర్మిళ గురించి చెప్పింది చాలా తక్కువ. ఆమె నోట అంత మాట పలికించింది మన ఇళ్లలోని ఆడవాళ్లే, వాళ్లలో ఎంతోమందికి అక్షరాలు కూడా రావు. మా అమ్మాయికి ఈ మధ్యే పాడటం మొదలుపెట్టాను. ఊర్మిళ పూర్తిగా మేలుకున్నాక వచ్చే రెండు చరణాలు ఎంత తడుముకున్నా దొరకడం లేదు. అమ్మకీ గుర్తులేవట.