సవరణ: ప్రైవేటు కాలేజీ వేరు, ప్రైవేటు విశ్వవిద్యాలయం వేరు

‘విద్యార్థులు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను వదిలి ప్రైవేటు వైపు మొగ్గుతున్నారు’ అన్న మునుపటి వాక్యానికి ఈ సవరణ. అందులో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలూ ప్రైవేటు విశ్వవిద్యాలయాలూ కలిసిపోయాయి.

జేఎన్టీయూ అనుబంధ ప్రైవేటు కాలేజీలో చదివితే ఫీజు కట్టేది యాజమాన్యానికి, పట్టా ఇచ్చేది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన జేఎన్టీయూ. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ పరీక్షలు సొంతంగా పెట్టుకున్నా పట్టా విశ్వవిద్యాలయానిదే. ‘నాది ప్రైవేటు చదువు’ అనే విద్యార్థుల్లో చాలామంది దీన్ని గమనించరు. ప్లేస్‌మెంట్ల ప్రకటనల హోరులో గమనించే తీరికా ఉండదు లెండి. ఆంధ్రప్రదేశ్ 2016లో, తెలంగాణ 2018లో చేసిన చట్టాల కింద వచ్చిన ప్రైవేటు విశ్వవిద్యాలయాలు మాత్రం సొంత పట్టాలే ఇస్తాయి. గీతం వంటి డీమ్డ్ (విశ్వవిద్యాలయంతో సమాన హోదా పొందిన) సంస్థలకు ఆ హోదా 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం కింద వచ్చింది.

‘ప్రభుత్వ’ అన్న మాటనూ కాస్త విడదీయాలి. వరంగల్ ఎన్ఐటీ ప్రభుత్వ సంస్థే. అక్కడ సీటొస్తే వద్దనేవారు అరుదు. విద్యార్థుల విముఖత ప్రభుత్వ యాజమాన్యంపై కాదు, అధ్యాపక ఖాళీలు నిండని రాష్ట్ర విశ్వవిద్యాలయాలపై. మునుపటి వాక్యాన్ని ఆ మేరకే చదువుకోగలరు.