బెల్లం ముక్కతో ఊపిరితిత్తులు శుభ్రపడవు

పని దిగాక ఒక బెల్లం ముక్క తింటే రోజంతా పీల్చిన సిమెంటు దుమ్ము, రాతిపొడి ఊపిరితిత్తుల్లోంచి పోతాయని, ఇది పెద్దల నాటి వైద్యమని, శాస్త్రవేత్తలు కూడా ఒప్పుకున్నారని చెప్పే సందేశం వాట్సాప్‌లో విరివిగా తిరుగుతోంది. భవన నిర్మాణ కార్మికుల ప్రాణాలతో ముడిపడిన ఈ మాటను ఖండించక తప్పదు.

బెల్లం దుమ్మును లాగేస్తుందన్నది మొదటి వాదన. తిన్నది అన్నవాహిక గుండా కడుపులోకి వెళ్తుంది, పీల్చిన దుమ్ము శ్వాసనాళం గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. రెండు దారులూ గొంతు దగ్గరే విడిపోతాయి. బెల్లం చప్పరిస్తే లాలాజలం ఊరి గొంతుకు హాయిగా ఉంటుంది, ఆ హాయినే ఊపిరితిత్తులు శుభ్రపడ్డాయని పొరబడతారు. నిజానికి ప్రాణం తీసేది గొంతులో గరగరలాడే ముతక దుమ్ము కాదు. గ్రానైటు, టైల్సు కోసేటప్పుడు, కాంక్రీటు చిప్పింగు చేసేటప్పుడు లేచే, రాయిలోనూ ఇసుకలోనూ ఉండే ఖనిజమైన స్ఫటిక సిలికాలో నాలుగైదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులు గాలి గదుల దాకా చేరతాయి. వాటిని మింగిన రక్షక కణాలు చచ్చిపోతాయి, వాపు పుడుతుంది, మెత్తని కణజాలం ఏళ్ల తరబడి మచ్చకట్టి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. ఆ మచ్చను కరిగించే మందు లేదు. ఈ జబ్బున్నవారికి క్షయ ముప్పు కూడా ఎక్కువ. ఊపిరితో లోపలికి చేరే స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారన్న మాటకు మూలం 1994లో లక్నో పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం. అది ఎలుకలపై జరిగింది. బొగ్గు, సిలికా దుమ్మును వాటి శ్వాసనాళంలోకి ఎక్కించి బెల్లం పెట్టినప్పుడు హాని కొంత తగ్గినట్టు, బొగ్గు రేణువులు ఊపిరితిత్తుల నుంచి దగ్గరి శోషరస గ్రంథులకు (ఒంట్లోకి చేరిన మలినాలను వడకట్టే చిన్న గ్రంథులు) ఎక్కువగా చేరినట్టు గమనించారు. గ్రంథులకు చేరడమంటే ఒంట్లోంచి బయటికి పోవడం కాదు. పైగా ఏళ్ల తరబడి రోజూ దుమ్ము పీల్చే మనిషికి బెల్లమే రక్షణ అని ఆ ప్రయోగం నిరూపించలేదు.

మన తాతలు మాస్కులు లేకుండానే పనిచేశారన్న వాదన ఇంకా బలహీనమైనది. ఉలి, సుత్తి పట్టిన కాలంలోనూ రాతి పనివారికి ఈ జబ్బు వచ్చేది. నేటి కటింగ్ మిషన్ అంతకు ఎన్నో రెట్లు సన్నని దుమ్మును ముఖం మీదికే చిమ్ముతుంది.

దగ్గు లేదు కనుక భయం లేదనడమూ సరికాదు. ఈ వ్యాధి సాధారణంగా పదేళ్లు, ఆపైన పనిచేశాక బయటపడుతుంది, ఆనాటికి పని మానేసినా ముదరవచ్చు.

బెల్లం తింటే నష్టమేముందని అడిగేవారున్నారు. తినడంలో నష్టం లేదు. కూలీలకు అది పంచి, తాము చేయవలసిన పని అయిపోయిందని యజమానులు అనుకోవడంలోనే నష్టమంతా ఉంది. మిషన్ బ్లేడుపై నీరు పడుతుండగా కోస్తే దుమ్ము లేవకముందే చాలావరకు అణిగిపోతుంది. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు ఆ సన్నని రేణువులను ఆపలేదు, ముఖానికి బిగుతుగా అతికే ఎన్95 లాంటి మాస్కు కావాలి. వీటిని సమకూర్చే బాధ్యత కూలీది కాదు: భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం నుంచి 2020 నాటి వృత్తి భద్రత నియమావళి దాకా అన్నీ దాన్ని యజమానిపైనే పెట్టాయి. ఇక దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లే తాపీ మేస్త్రి అయినా, టైల్స్ పనివాడైనా, తాను ఎన్నేళ్లుగా ఏ పని చేస్తున్నాడో డాక్టరుకు తప్పక చెప్పాలి. చెప్పకపోతే ఎక్స్‌రేలోని సిలికోసిస్ మచ్చలను క్షయగా భావించి మందులు రాసే ప్రమాదం ఉంది.